బండి ఒకటి, చరిత్రలు రెండు



సంతలో ఎద్దును కొనే రైతును మీరంతా చూసే ఉంటారు. ముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. వయసు తెలుస్తుంది. తరువాత సుళ్ళు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కాళ్ళు సమంగా పడుతున్నాయో లేదో గమనిస్తాడు. కాడి మోసిన మెడను చేత్తో తడిమి, పుండు మానిన మచ్చ ఏదైనా ఉందేమో వెతుకుతాడు. ఆ తరువాతనే తువ్వాలు కింద వేళ్ళ బేరం. ఎద్దు తన చరిత్రను తన ఒంటి మీదనే మోసుకు తిరుగుతుంది. చూసే కన్ను ఉంటే చాలు.

ఇవాళ సండూరు తాలూకా చోరనూరులోనైనా, సరిహద్దుకు ఆ పక్క రాయదుర్గం, ఆలూరు పల్లెల్లోనైనా, ఎద్దులు కట్టేసే చోట చిన్న డీజిల్ బండి నిలబడి ఉండటం కనిపిస్తుంది. వేరుశనగ బస్తాలు, ఉల్లిగడ్డలు, ఎరువు మూటలు, పెళ్ళివారి సామాను, అన్నీ దాని మీదనే. కొత్తది కొనే స్తోమత లేనివారు పాతది కొంటారు. ఆ పాతది చాలాసార్లు కంపెనీ నుంచి వచ్చిన రూపంలో ఉండదు. జీపు వెనుక భాగం కోసి ట్రాలీ కట్టి ఉంటారు. పెట్రోలు ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటారు. బరువు కోసం కమాను పట్టీలు రెండు ఎక్కువ వేసి ఉంటారు. గేరు బాక్సు ఒక బండిది, వెనుక హౌసింగు మరొక బండిది, పేరు మాత్రం మూడో బండిది.

ఎద్దుకు ఒకటే చరిత్ర. ఇలాంటి బండికి రెండు. ఒకటి ఇనుములో ఉంటుంది, రెండోది కాగితంలో ఉంటుంది. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయి, ఏ సంవత్సరంలో విడిపోయాయి అన్న ప్రశ్నకు జవాబు దొరికాకనే బేరం మాట్లాడాలి. ఎందుకంటారా? దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బండ్లను మార్చుకుని వాడుకునే అలవాటు మనకు నిన్నమొన్నటిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. సైన్యాలు వాడిన జీపులు, లారీలు మన దేశంలో కుప్పలుగా మిగిలాయి. వాటిని డిస్పోజల్సు సరుకు అన్న పేరుతో అమ్మేశారు. అదే 1945లో ప్రారంభమైన ఒక సంస్థ, 1948 నుంచి మహీంద్రా అండ్ మహీంద్రా పేరుతో మనకు తెలిసినది, 1947లో విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. యుద్ధం కోసం పుట్టిన ఈ జీపు మన రాళ్ళ దారులకు, ఇసుక వంకలకు అతికినట్టు సరిపోయింది. లోపం ఒక్కటే. అది పెట్రోలు తాగేది, అదీ బాగా తాగేది.

డీజిల్ ఇంజను అప్పటికి యాభై ఏళ్ళ వయసుది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1893లో దానికి పేటెంటు పొందాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో అది విజయవంతంగా నడిచింది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడానికి ప్లగ్గు కావాలి. డీజిల్ ఇంజనుకు ప్లగ్గు నిప్పుతో పని లేదు. గాలిని సుమారు పదహారు మొదలు ఇరవై రెండు వంతుల దాకా నొక్కిపెడుతుంది. ఆ నొక్కుడుకే గాలి నిప్పులా కాగుతుంది. అందులోకి నాజిల్ ద్వారా నూనె చిమ్మగానే దానంతటదే మండుతుంది. అంత ఒత్తిడిని తట్టుకోవాలి గనుక ఇంజను బరువుగా, దళసరిగా ఉంటుంది. బాగా అదురుతుంది. కాని తక్కువ నూనెతో ఎక్కువ బరువు లాగుతుంది. ఈ గుణాలు గుర్తుపెట్టుకోండి. బండిని పరీక్షించే వేళ ఇవే పనికి వస్తాయి.

ఇంగ్లండులో 1932లో మొదలైన పెర్కిన్స్ సంస్థ 1937లో పి-6 అనే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనును తెచ్చింది. లారీల్లో పెట్రోలు ఇంజను ఉన్న చోట అమర్చుకోవడానికి వీలుగా ఉండటం దాని ప్రత్యేకత. 1950లలో మద్రాసులోని సింప్సన్ సంస్థ పెర్కిన్స్ ఇంజన్లను మన దేశంలోనే తయారుచేసింది. డాడ్జి, ఫార్గో వంటి పాత పెట్రోలు లారీలు ఆ ఇంజనుతో మళ్ళీ బతికాయి. ఒళ్ళు పాతది, గుండె కొత్తది. 1954లో టాటా వారు జర్మనీ డైమ్లర్-బెంజ్ సంస్థతో కలిసి జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీల తయారీ ప్రారంభించారు. ఆ ఒప్పందం 1969 వరకు సాగింది. అప్పటికి మన రోడ్ల మీద బరువు మోసేది డీజిలే అన్న మాట స్థిరపడిపోయింది.

ఆ రోజుల్లోనే మన ప్రాంతం పటం కూడా మారుతూ వచ్చింది. ఘోర్పడే వంశీయుల సండూరు సంస్థానం 1949లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఉమ్మడి బళ్ళారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయాయి. బళ్ళారి, సండూరు, హోస్పేట, కూడ్లిగి మొదలైనవి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళాయి. చుట్టరికాలు చీలలేదు, సంతలు చీలలేదు. మేస్త్రీలు అటూ ఇటూ ఒకరే. చీలినది ఆఫీసులు. అప్పటినుంచి రాయదుర్గంలో పుట్టిన బండి సండూరుకు వచ్చిందంటే, మనకు అది పక్క ఊరు. రవాణా శాఖకు అది పరాయి రాష్ట్రం. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

1973లో అరబ్బు దేశాల చమురు నిషేధంతో ముడి చమురు ధర కొద్ది నెలల్లో దాదాపు నాలుగింతలైంది. మన దేశంలో పెట్రోలుకు, డీజిల్‌కు ధరలో తేడా చాలా కాలం బాగా ఉండేది. డీజిల్ ధరను ప్రభుత్వమే నియంత్రించేది. ఆ నియంత్రణ 2014 అక్టోబరులోగాని పూర్తిగా తొలగలేదు. ఈ తేడాయే పల్లెటూరి మేస్త్రీని ఇంజనీరును చేసింది. పాత పెట్రోలు జీపు చవకగా దొరికేది. పాత డీజిల్ ఇంజను వేరే చోట దొరికేది. ఆ రెంటికీ పెళ్ళి చేస్తే నలుగురి కడుపు నింపే బండి తయారు. కంపెనీలు కూడా ఆ దారినే నడిచాయి. మహీంద్రా వారు ట్రాక్టరు వంశానికి చెందిన డీజిల్ ఇంజనుతో జీపులు అమ్మారు. తరువాత ఫ్రాన్సు దేశపు ప్యూజో డిజైను ఇంజను వచ్చింది.

1980లలో జపాను కంపెనీల సహకారంతో చిన్న లారీలు దిగాయి. వాటిలో ఒకటి తెలుగు నేల మీదనే తయారైంది. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి, నాటి మెదక్ జిల్లా జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారుచేసింది. జహీరాబాదూ మన లాంటి సరిహద్దు ఊరే. దాటితే బీదరు. ఆ ఫ్యాక్టరీ తరువాత మహీంద్రా చేతికి వెళ్ళింది. 1986లో టాటా 407, 1988లో టాటా మొబైల్ పికప్పు, 2005లో టాటా ఏస్ వచ్చాయి. ఒక్కొక్కటి రాగానే వెనుకటి తరం బండ్లు చేతులు మారి, రూపు మారి, పల్లెలకు దిగాయి.

ఇక మన బళ్ళారి గనుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 2000 తరువాత చైనా గిరాకీతో ఇనుప ఖనిజానికి రెక్కలు వచ్చాయి. సండూరు కొండల దారులు లారీలతో నిండాయి. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసింది. వేలాది లారీలు ఒక్కసారిగా ఆగిపోయాయి. తరువాత షరతుల మీద గనులు దశలవారీగా తెరుచుకున్నాయి. కాని అప్పటికే కంతులు కట్టలేనివారి బండ్లు చేతులు మారిపోయాయి. ఎర్రదుమ్ము తిన్న ఇంజను, పరిమితికి మించి మోసిన ఛాసిస్, తీరని అప్పు, ఈ మూడూ పైన కొత్త రంగు వేస్తే కనబడవు. చవకగా వచ్చిన బండిని చూసినప్పుడు ఈ సంవత్సరం జ్ఞాపకం రావాలి.

ఇంతవరకు ఇనుము చరిత్ర. ఇప్పుడు కాగితం చరిత్ర విందాం.

1939 నాటి మోటారు వాహనాల చట్టం స్థానంలో 1988 చట్టం వచ్చి, 1989 జులై 1 నుంచి అమలైంది. ఆ చట్టం 52వ సెక్షన్ మొదట చెప్పిన మాట మన మేస్త్రీలకు అనుకూలమైనదే. బండిలో మార్పు చేసి, దానివల్ల రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తప్పిపోతాయనుకుంటే, ముందుగా అధికారికి తెలియజేసి అనుమతి తీసుకో, పత్రంలో రాయించుకో అన్నది. అంటే చెప్పి మార్చుకో అని. 2000 సంవత్సరపు సవరణ ఆ మాటను తిప్పేసింది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు అన్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సవరణను వివరిస్తూ ఆ సంగతినే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టంలో చేరిన కొత్త సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ ఛాసిస్‌గా అమ్మిన బండికి నిబంధనల ప్రకారం బాడీ కట్టించడం వేరు. ఆమోదం పొందిన కిట్టుతో గ్యాసుకు మార్చుకోవడం వేరు. అదే రకం ఇంజను అనుమతితో మార్చుకుని కొత్త నంబరు ఎక్కించుకోవడం వేరు. జీపును మన ఇష్టం వచ్చినట్టు కోసి పికప్పుగా చేయడం వేరు.

శ్రోతలు ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒకే రకం మార్పు, చేసిన కాలాన్ని బట్టి, రాయించుకున్న తీరును బట్టి, ఒక బండిలో సక్రమం, మరొక బండిలో అక్రమం కావచ్చు. 1992లో అనుమతితో డీజిల్ ఇంజను వేసి, ఆర్.సి. పుస్తకంలో ఇంధనం, ఇంజను నంబరు మార్పించుకున్న జీపు ఒకటి. 2012లో రాత్రికి రాత్రి షెడ్డులో మార్చి, పుస్తకంలో ఇంకా పెట్రోలు అనే ఉన్న జీపు మరొకటి. చూపుకు రెండూ కవలలు. అందుకే అమ్మేవానిని మొదట అడగవలసింది ధర కాదు. ఈ ఇంజను ఎప్పుడు వేశారు, ఎక్కడ రాయించారు అని అడగాలి.

అనుభవం ఉన్న మేస్త్రీని వెంట తీసుకెళ్ళారనుకోండి. "ఇంజను పాట పాడతాంది గదా మేస్త్రీ, తీసుకుందామా?" అని మీరంటే, ఆయన ఏమంటాడు? "పాట బాగుందిలేన్నా. ముందు దాని పేరు పుస్తకంలో ఉందేమో సూడు" అంటాడు.

పేరు చూడటం ఎలాగంటే, ఛాసిస్ మీద నంబరు ఉన్న చోటును కిరసనాయిలు గుడ్డతో తుడవండి. మీద పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. అంకెలు కాగితం మీదకు దిగుతాయి. అక్షరాల వరుస వంకరగా ఉన్నా, చుట్టూ ఆకురాయి గీతలున్నా, అక్కడ కొత్త వెల్డింగు కనిపించినా అక్కడే ఆగిపోండి. ఇంజను నంబరునూ అలాగే తీసి ఆర్.సి.తో ఒక్కొక్క అంకె పోల్చండి. ఇంధనం ఏమని ఉంది? బండి తరగతి ఏమని ఉంది, సొంత జీపా, సరకు బండా? సరకు బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు వేరు, పన్ను వేరు.

తరువాత ఇనుమును అడగండి. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను నిజం చెప్పదు. బరువు మీద నల్లపొగ విపరీతంగా వస్తే నాజిళ్ళు, పంపు, ఎయిర్ ఫిల్టరు చూడాలి. నీలిపొగ అంటే ఆయిల్ మండుతోందని అర్థం. నడుస్తున్న ఇంజనుకు ఆయిల్ పోసే మూత తీయండి. అక్కడినుంచి పొగ భుసభుసమని తన్నుకొస్తుంటే రింగులు, బోరు అరిగినట్టే. కిందికి దూరి ఛాసిస్ పొడవునా చూడండి. ట్రాలీ పొడవు కోసం ఛాసిస్‌ను కోసి అతికారేమో చూడండి. పూర్తి బరువుతో గుంతలో పడ్డనాడు అది విరిగేది ఆ అతుకు పక్కనే.

డీజిల్ ఇంజను బరువైనదని ఇందాక చెప్పుకున్నాం. పెట్రోలు బండి ముందు కమాన్లు ఆ బరువు కోసం చేసినవి కావు. ముందు భాగం కుంగి ఉందేమో చూడండి. ఇంజను మౌంటింగుల రబ్బర్లు అదురుకు చినిగి ఉంటాయి. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కన్నా నెమ్మదిగా తిరుగుతుంది. హౌసింగు పాతదే ఉంచితే బండి బాగా లాగుతుంది గాని వేగం అందుకోదు, ఊరికే అరుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. పెట్రోలు ఇంజను గాలి పీల్చేటప్పుడు ఏర్పడే వాక్యూమ్‌తో బ్రేకు బూస్టరు పనిచేస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ వాక్యూమ్ సహజంగా రాదు. దానికి వేరే పంపు ఉండాలి. ఇంజను మార్చినవాడు పంపు పెట్టడం మరిచిపోతే, ఖాళీ బండి ఎలాగో ఆగుతుంది, బరువుతో దిగువకు వచ్చే బండి ఆగదు. కొండ దారుల్లో తిరిగే మనకు ఈ ఒక్క సంగతి ప్రాణంతో సమానం. కాబట్టి ఖాళీగా నడిపి తృప్తిపడకండి. పది బస్తాలు వేసి, ఒక ఎత్తు ఎక్కించి, దింపి చూడండి.

ఇప్పుడు సరిహద్దు సంగతి. అనంతపురం జిల్లాలో రిజిస్టరైన బండిని చోరనూరుకు తెచ్చి, పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచుకుంటే, కర్ణాటక నంబరు వేయించుకోవాలి. అందుకు మొదట అక్కడి అధికారి నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్.ఓ.సి. కావాలి. అది ఫారం 28. యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30. కొత్త నంబరుకు ఫారం 27. బండి మీద అప్పు రాసి ఉంటే, తీరినట్టు ఫైనాన్సు సంస్థ సంతకంతో ఫారం 35. అప్పు తీరింది, కాగితం తరువాత ఇస్తాం అన్న మాట నమ్మి పూర్తి డబ్బు చేతిలో పెట్టకండి. బండి నంబరును రవాణా శాఖవారి వాహన్ కంప్యూటరు రిజిస్టరులో వెతికించి, యజమాని పేరు, ఇంధనం, అప్పు వివరాలు, ఫిట్‌నెస్ గడువు చూసుకోండి.

సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఇచ్చి బండి తోలుకుపొమ్మనే అలవాటు మన సరిహద్దు ఊళ్ళలో పాతదే. అది అమ్మినవానికీ ప్రమాదమే. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పిన తీర్పు ప్రకారం, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని. ప్రమాదం జరిగితే నష్టపరిహారం అతని మెడకే చుట్టుకుంటుంది. కొన్నవానికి ఇంకో చిక్కు. బండి బదిలీతో మూడో వ్యక్తికి సంబంధించిన బీమా మాత్రమే తనంతట తాను కొత్త యజమానికి వర్తిస్తుంది. మన బండికి జరిగే నష్టం సంగతికి పాలసీని పద్నాలుగు రోజుల్లో మన పేరుకు మార్పించుకోవాలి. పుస్తకంలో పెట్రోలు, బండిలో డీజిల్ అని ఉంటే, సరిగ్గా డబ్బు అవసరమైన రోజున బీమా సంస్థవారు ఆ తేడానే ఎత్తి చూపుతారు. ఇంటావిడ పుస్తెలు తాకట్టు పెట్టి కొన్న బండి ఇనుపసామానువాడి తూకానికి పోవడానికి ఆ ఒక్క తేడా చాలు.

ఇదంతా విని మార్చిన బండ్లన్నీ మోసమేనని అనుకోవద్దు. రెండు తరాల పాటు మన మెట్ట పల్లెల పంటను సంతకు చేర్చినవి అవే. ఆ మేస్త్రీల చేతి పని తక్కువది కాదు. కంపెనీ మనకు తగిన బండి చేయని రోజుల్లో వారు చేశారు. అయితే ఆ రోజుల చట్టం వేరు, ఈ రోజుల చట్టం వేరు. బండి వేగం పెరిగింది, రోడ్డు మీద మనుషులూ పెరిగారు.

మన పెద్దలు ఎద్దు పళ్ళు చూడకుండా ఎన్నడూ రూకలు లెక్కపెట్టలేదు. బండికి పళ్ళు రెండు వరుసలు. ఒకటి ఛాసిస్ మీద, ఒకటి పుస్తకంలో. రెండూ ఒక్కలాగే ఉన్నాయని తేలితే అప్పుడు తువ్వాలు తీయండి, బేరం మాట్లాడండి. తేడా ఉంటే, ఎంత చవకైనా సరే, మేస్త్రీకి టీ తాగించి ఊరికి తిరిగి రండి. ఆ రోజు బస్సు చార్జీలు తప్ప మీరు పోగొట్టుకున్నది ఏమీ ఉండదు.